గీత పడిన డిస్కు: ముందు రుద్దాలా, ముందు చదవాలా?

డీవీడీ ఆడకపోతే ఎవరైనా చేసే మొదటి పని దాన్ని బయటికి తీసి, వెనక్కి తిప్పి, వెలుతురులో పట్టి చూడడం. గీత కనిపిస్తుంది. కనిపించక ఎక్కడికి పోతుంది? నాలుగు చేతులు మారిన ఏ డిస్కు మీదైనా నాలుగు గీతలుంటాయి. దొంగ దొరికాడనుకుని చొక్కా అంచుతో గుండ్రంగా తుడుస్తారు. దానికి లొంగకపోతే టూత్‌పేస్టు, అదీ పని చేయకపోతే ఎవరో చెప్పిన అరటి తొక్క. ఆఖరికి ‘ఇక దీని పని అయిపోయింది’ అని తేల్చేసి పిట్టలు వాలకుండా పెరట్లో తాడు కట్టి వేలాడదీస్తారు. ఈ వరసలో ఒక్క మెట్టు ఎక్కడా కనిపించదు. డిస్కులో ఇంకా చదవడానికి వీలున్నంత మేర ముందుగా మరో చోటికి ఎక్కించుకోవడం ఎవరికీ తట్టదు. ఈ వ్యాసంలోని వాదనంతా ఆ మెట్టు గురించే. డీవీడీకి వచ్చే జబ్బుల్లో గీత అన్నిటికన్నా బాగా అర్థమైనది. దాన్ని తయారు చేసినవాళ్లు ముందే ఊహించి, విరుగుడు కూడా లోపలే పెట్టారు. డిస్కు ప్రాణం తీసేవి చాలావరకు కంటికి ఆనవు. కనిపించే గీతకు వైద్యం చేయబోయి, కనిపించని జబ్బు ఇచ్చిన కాస్త గడువును పోగొట్టుకుంటున్నాం.

వాదన నిలబడాలంటే ముందు డిస్కు లోపల ఏముందో చూడాలి. డీవీడీ అడ్డంగా 12 సెంటీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. అయితే అది ఒకే పలక కాదు. 0.6 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ పలకలు రెంటిని జిగురుతో అంటించి చేసినది. బొమ్మ, మాట అన్నీ ఆ రెండు పలకల నడుమ పొరలో ఉంటాయి. అంటే మన వేలు తాకే చోటికీ సమాచారం ఉన్న చోటికీ మధ్య అర మిల్లీమీటరుకు పైగా ప్లాస్టిక్ అడ్డుంది. 650 నానోమీటర్ల ఎర్రని లేజరు కిరణం కింది నుంచి వచ్చి, ఉపరితలం దగ్గర దాదాపు అర మిల్లీమీటరు వెడల్పున్న వెలుగు మచ్చగా లోపలికి దిగి, సమాచార పొర దగ్గరికి వచ్చేసరికి మైక్రాను పాటి చుక్కగా కుదించుకుంటుంది. కళ్లద్దాల మీద ధూళి కణం పడినా ఎదుటి మనిషి ముఖం కనిపించినట్టే, ఉపరితలం మీద సన్నని గీత లేజరుకు మసకగానే అడ్డొస్తుంది కానీ చూపును పూర్తిగా మూసేయదు. సీడీ సంగతి వేరు. అందులో సమాచారం 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్‌కు అవతల, బొమ్మ అచ్చేసిన పైవైపు పల్చటి లక్క పొర కిందే ఉంటుంది. కాబట్టి సీడీకి కింద పడిన గీతకన్నా పైన లేబుల్ మీద పడిన గీతే ప్రమాదం. ఒకప్పుడు ఊరూరా తిరిగిన సినిమా వీసీడీలు సీడీల జాతివే. పైగా ఒక్క డిస్కులో ఎక్కువ సేపు బొమ్మ పట్టడం కోసం వాటిలో దోషాలు దిద్దే రెండో అంచెను వదిలేశారు. మన ఇళ్లలో వీసీడీ అంత త్వరగా మొరాయించడానికి అదొక కారణం. వీసీడీతో పడిన పాట్లన్నీ డీవీడీకీ అంటగట్టడం న్యాయం కాదు.

గీతను డీవీడీ ఎలా తట్టుకుంటుందో కాస్త దగ్గరగా చూడదగ్గ విషయం. డిస్కు తన సరుకును 32 కేబీ మూటలుగా కట్టుకుంటుంది. ఒక్కో మూటను 172 గడుల వెడల్పు, 192 వరసల పొడవు ఉన్న పట్టిక అనుకోండి. ప్రతి వరస చివర 10 బైట్లు, పట్టిక అడుగున మరో 16 వరసలు అదనంగా చేరుస్తారు. దాంతో పట్టిక 182 గడులకు, 208 వరసలకు పెరుగుతుంది. ఈ అదనపు అంకెల్లో సినిమా ఏమీ ఉండదు, లెక్క మాత్రమే ఉంటుంది. కిరాణా చీటీలో ఒక ధర చెరిగిపోయినా కింద మొత్తం కనిపిస్తుంటే ఆ ధర ఎంతో చెప్పగలం కదా, అదే సూత్రం. కాకపోతే ఇక్కడ అడ్డంగా ఒక మొత్తం, నిలువుగా ఒక మొత్తం ఉంటాయి, పైగా ఒక్క అంకె కాదు, అనేకం పోయినా రాబట్టవచ్చు. ఈ లెక్కకు పునాది 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ వేశారు. వోయేజర్ నౌక దూర గ్రహాల దగ్గర నుంచి బొమ్మలు పంపడానికీ ఇదే ఆసరా. డీవీడీ పట్టికలో 16 వరసలు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయినా మిగిలినవాటి నుంచి తిరిగి కట్టుకోవచ్చు. ఒక మూట ట్రాకు మీద సుమారు 8 సెంటీమీటర్ల పొడవున పరచుకుంటుంది, అందులో 16 వరసలంటే 6 మిల్లీమీటర్లు. అంటే ట్రాకు పొడవున ఏకబిగిన 6 మిల్లీమీటర్ల మేర ఏమీ కనిపించకపోయినా, ప్లేయరు కనురెప్ప వేయకుండా బొమ్మ చూపిస్తుందన్న మాట. సీడీకి ఈ ఓపిక సుమారు రెండున్నర మిల్లీమీటర్లే.

ఈ లెక్క తెలిస్తే గుండ్రంగా తుడవడం ఎందుకు తప్పో ఎవరూ చెప్పనక్కర్లేదు. సమాచారం లోపలి అంచు నుంచి బయటి అంచుకు, దోమల చుట్ట మాదిరి, ఒకే ట్రాకుగా చుట్టుకుని ఉంటుంది. పక్కపక్క చుట్ల మధ్య దూరం 0.74 మైక్రాన్లు, ఒక్క మిల్లీమీటరులో 1,300కు పైగా చుట్లు. మధ్య చిల్లు నుంచి అంచుకు నిలువుగా పడిన గీత వేల చుట్లను తాకుతుంది, చూడడానికి భయంగా ఉంటుంది. కానీ ఒక్కో చుట్టులో అది తినేది వెంట్రుకవాసి మాత్రమే, 6 మిల్లీమీటర్ల ఓపిక ముందు అదొక లెక్క కాదు. అదే గీత ట్రాకు వెంబడి, గుండ్రంగా, రెండు సెంటీమీటర్లు పడిందనుకోండి, చూపుకు ఆనకపోయినా దాని కింద ఉన్న ప్రతి చుట్టులోనూ పట్టికలకు పట్టికలే పోతాయి. బట్టలో ఇరుక్కున్న ఒక్క ఇసుక రేణువు, గుండ్రంగా తుడిచే చేయి ఈ రెండో రకం గీతనే గీస్తాయి. తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవమని అందుకే చెబుతారు. దుమ్మును ముందు ఊది, మెత్తటి నూలు గుడ్డతో, జిడ్డు ఉంటే నీళ్లలో రెండు చుక్కల తేలికపాటి సబ్బుతో, అదీ చాలకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే సరి. గోళ్ల రంగు తుడిచే ద్రవం మాత్రం దగ్గరికి రానివ్వకూడదు, అందులోని ఎసిటోన్ పాలీకార్బొనేట్‌ను తెల్లగా చిట్లగొడుతుంది.

పట్టిక దిద్దుకోలేనంతగా పోయినప్పుడు కూడా నష్టం ఎంతన్నది లోపల ఏం రాశారన్న దాన్ని బట్టి ఉంటుంది. వీడియో అయితే ఒక మూట సెకనులో చిన్న ముక్కకు సరిపడేది. అయినా బొమ్మ అర సెకను దాకా గళ్లు గళ్లుగా చెదురుతుంది. ఎందుకంటే డీవీడీ వీడియోను కుదించే ఎంపెగ్-2 పద్ధతిలో ప్రతి ఫ్రేమునూ పూర్తిగా రాయరు. పన్నెండు, పదిహేను ఫ్రేములకు ఒకటి పూర్తిగా రాసి, మిగతావాటిలో మారిన భాగాలే రాస్తారు. మొదటిది పోతే దాని మీద ఆధారపడినవన్నీ చెదురుతాయి, మళ్లీ పూర్తి ఫ్రేము రాగానే తేరుకుంటాయి. కుటుంబ పద్దుల ఫైలో, జిప్ చేసి పెట్టిన ఫొటోల కట్టో అయితే అందులో 2 కేబీ పోయినా మొత్తం తెరుచుకోకపోవచ్చు. డీవీడీ రూపకర్తలకు ఈ సంగతి తెలుసు. వీడియో టీఎస్ ఫోల్డరు తెరిచి చూస్తే ప్రతి ఐఎఫ్ఓ ఫైలుకూ పక్కనే అదే పేరుతో బీయూపీ ఫైలు ఉంటుంది. ఏ అధ్యాయం ఎక్కడ మొదలవుతుందో చెప్పే విషయసూచిక ఐఎఫ్ఓ, దాని నకలు బీయూపీ. ఒక్క గీత రెంటినీ కలిపి తినేయకుండా వాటిని వేర్వేరు మూటల్లో పడేలా రాయాలని నియమం. ఇంటికి రెండు తాళాలు వేసినంత జాగ్రత్త. గీత గురించి ఇంత ఆలోచించినవాళ్లు మిగతా వాటి గురించి ఇంత భరోసా ఇవ్వలేకపోయారు.

ఆ మిగతావాటి దగ్గరికి వెళ్లే ముందు, అసలు డిస్కు తప్పే లేని సందర్భాలు చాలా ఉన్నాయని గుర్తు చేసుకోవాలి. ఒక్క డిస్కే ప్రతిసారీ ఒకే చోట ఆగితే అనుమానం డిస్కు మీద. ఏ డిస్కు వేసినా, ఒక్కోసారి ఒక్కో చోట ఆగితే అనుమానం ప్లేయరు లెన్సు మీది దుమ్ము మీద, లేదా వయసు మీరిన లేజరు మీద. సినిమా సగంలో ఒక్క క్షణం బొమ్మ నిలిచి సాగితే అది బహుశా దోషమే కాదు, 8.5 జీబీ రెండు పొరల డిస్కులో లేజరు ఒక పొర నుంచి మరో పొరకు మారుతున్న క్షణం. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఇంకో చిక్కు. ఇక్కడి స్టూడియోల్లో పాల్ అనే టీవీ పద్ధతిలో రాసిన పెళ్లి డిస్కును అక్కడి పాత ఎన్‌టీఎస్‌సీ ప్లేయర్లు చాలావరకు చూపించేవి కావు. దుకాణంలో కొన్న సినిమా అయితే రీజియన్ కోడు అడ్డు పడుతుంది, అమెరికా 1, భారత్ 5. మంచి డిస్కే చెడ్డపేరు మోస్తుంది, కంప్యూటర్లో వేస్తే పాల్ డిస్కు చక్కగా ఆడుతుంది. అన్నిటికన్నా చిత్రమైనది ‘ఫైనలైజ్’ చేయని, అంటే రాయడం ముగిసిందని గుర్తు పెట్టని డిస్కు. 8 సెంటీమీటర్ల చిన్న డిస్కుల మీద రికార్డు చేసే కేమెరాలు, టీవీ పక్కన పెట్టుకునే డీవీడీ రికార్డర్లు చివర్లో ఆ పని చేయమని అడిగేవి. చేయకుండా తీసేసిన డిస్కు వేరే ప్లేయర్‌కు ఖాళీగా కనిపిస్తుంది. లోపల అంతా భద్రంగానే ఉంటుంది. అటువంటిదాన్ని రుద్దడం కన్నా వృథా ప్రయాస లేదు.

ఇప్పుడు కనిపించని జబ్బులు. డిస్కు వెనక వైపు వెండిలా తళతళలాడితే అది కర్మాగారంలో అచ్చు కొట్టినది, ఊదా ఛాయ కొడితే అది ‘రైట్’ చేసినది. అచ్చు డిస్కులో సమాచారం ప్లాస్టిక్‌లోనే గుంటలుగా దిగి ఉంటుంది, దాని మీద అల్యూమినియం పూత. ఒకసారి రాసే డీవీడీలో గుంటలు లేవు. సేంద్రియ రంగు పొర ఒకటి ఉంటుంది, రాసే లేజరు దాన్ని చోటుచోటా కాల్చి మచ్చలు చేస్తుంది. ఆ రంగు ఎండకు వెలుస్తుంది, వేడికి మారుతుంది. మచ్చకూ మచ్చ కానిదానికీ తేడా తగ్గుతూ పోతుంది. మొదట్లో దిద్దుబాటు లెక్క ఆ తప్పులన్నిటినీ కప్పిపుచ్చుతుంది. డిస్కు చక్కగా ఆడుతున్నట్టే ఉంటుంది. ఓపిక హద్దు దాటిన రోజున ఉన్నట్టుండి ఆగిపోతుంది. కలప లోపల చెద తింటున్నా తలుపు పైకి నిగనిగలాడుతున్నట్టే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తరఫున ఫ్రెడ్ బైయర్స్ 2003లో గ్రంథాలయాల కోసం రాసిన మార్గదర్శకం ఇలాంటి డిస్కులను దాచడానికి 4 నుంచి 20 డిగ్రీల వేడి, 20 నుంచి 50 శాతం తేమ సూచించింది. మే నెల విజయవాడలోనో, ఉక్కపోత కాకినాడలోనో, ఏ ఇంటి బీరువా ఈ హద్దుల్లో ఉంటుంది? పైగా పెళ్లి డిస్కులకు వధూవరుల ఫొటోతో గుండ్రని స్టిక్కర్ అంటించడం చాలా స్టూడియోల అలవాటు. నిస్ట్ మార్గదర్శకం అంటించే లేబుళ్లు వద్దనే చెప్పింది. కాగితం, జిగురు ఎండకూ తేమకూ ఒకలా సాగవు. నిమిషానికి వందల, వేల చుట్లు తిరిగే పలక మీద వంకరగా అంటిన కాగితం తూకం తప్పిస్తుంది. వంగిన డిస్కు లేజరుకు ఎప్పుడూ సరిగా దొరకదు.

అచ్చు డిస్కు అయితే నిశ్చింత అనుకోవడానికీ లేదు. రెండు పలకల మధ్య జిగురు సరిగా కుదరకపోతే గాలి, తేమ లోపలికి చొరబడి లోహపు పూతను తింటాయి. ఇంగ్లండులో బ్లాక్‌బర్న్‌లోని ఒక కర్మాగారంలో 1980ల చివర, 1990ల మొదట్లో అచ్చయిన సీడీలు కంచు రంగుకు తిరిగి పాడవడం అప్పట్లోనే పెద్ద గొడవైంది. డీవీడీల్లో తాజా ఉదాహరణ 2025లోది. 2006–2008 మధ్య తయారైన తన డీవీడీల్లో కొన్ని పాడవుతున్నాయని వార్నర్ బ్రదర్స్ ఒప్పుకుని, కొన్నవాళ్లకు మార్చి ఇస్తామంది. సీలు విప్పని పెట్టెలో ఉన్న డిస్కుకు గీత పడే అవకాశమే లేదు, అయినా అది పోతుంది. మార్చి ఇచ్చే కంపెనీ మిగిలి ఉండడం కూడా అదృష్టమే. 2000ల ద్వితీయార్ధంలో తెలుగు సినిమాలతో సహా చవక డీవీడీలతో మన దుకాణాలు నింపిన మోజర్ బేర్ కంపెనీ 2018లో దివాలా తీసి మూతబడింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం లోపమున్న సరుకు మీద హక్కు ఇస్తుంది, కానీ ఫిర్యాదుకు రెండేళ్ల గడువు పెట్టింది. డీవీడీ జబ్బు పదేళ్లకు, పదిహేనేళ్లకు బయటపడేది. కొత్త డిస్కు మొదటి వారంలోనే ఆడకపోతే బిల్లుతో దుకాణానికి వెళ్లాలి, ఇంట్లో పాలిష్ పెట్టకూడదు. రుద్దిన మరుక్షణం అది వాడిన సరుకు అవుతుంది.

ఇక్కడ ఎదురయ్యే అభ్యంతరం ఏమిటంటే, పాలిష్ పని చేస్తుంది కదా, టూత్‌పేస్టుతో ఆడిన డిస్కులు లేవా అని. ఉన్నాయి. వాదన పాలిష్ దండగ అని కాదు, దాని వరస గురించి. గీత దగ్గర జరిగేది ఇది: పాలీకార్బొనేట్ వక్రీభవన గుణకం సుమారు 1.58, గాలిది 1. గీత పల్లంలో గాలి నిండి ఉండడం వల్ల కిరణం అక్కడ దారి తప్పుతుంది. దానికి రెండు మందులు. పల్లాన్ని ప్లాస్టిక్‌కు దగ్గరి గుణకమున్న దేనితోనైనా నింపడం ఒకటి. వ్యాజలీన్‌ది సుమారు 1.47, అందుకే పల్చగా రాసి తుడిచేస్తే కాసేపు డిస్కు ఆడుతుంది, డిస్కుకూ హాని తక్కువ. రెండోది చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను గీత లోతు దాకా అరగదీసి చదును చేయడం. టూత్‌పేస్టులోని సుద్దపొడి, సిలికా చేసేది అదే. పాలిష్ యంత్రాలు చేసేదీ అదే, మరింత సమంగా. అరటి తొక్క ఏం చేస్తుందని అడిగితే, కొద్దిగా నింపుతుంది, ఎక్కువగా జిడ్డు చేస్తుంది. ఇక అరగదీతకు హద్దుంది. డీవీడీలో లేజరుకు అడ్డున్నది 0.6 మిల్లీమీటర్లే. ఆ మందంలో తేడా మిల్లీమీటరులో కొన్ని నూరో వంతులు దాటితే లేజరు చూపు చెదురుతుంది. పైగా చేత్తో రుద్దితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అరుగుతుంది. అన్నిటికీ మించి అరిగిన ప్లాస్టిక్ తిరిగి రాదు. రంగు వెలిసిన డిస్కుకు, జిగురు వీడిన డిస్కుకు ఎంత మెరుగు పెట్టినా ఒరిగేదేమీ లేదు. పాలిష్ గీతకే మందు. డిస్కు ఆగడానికి కారణం గీతేనని రూఢి చేసుకోకుండా ఆ మందు వేయడం, జ్వరానికి కారణం తెలియకుండా కట్టు కట్టినట్టు.

కాబట్టి మొదట జరగాల్సింది చదవడం. ఇక్కడ ప్లేయరుకూ కంప్యూటరుకూ ఉన్న తేడా బాగా అక్కరకొస్తుంది. ప్లేయరు పని బొమ్మను ఆగకుండా చూపించడం. చదవలేని చోట అది ఎక్కువసేపు నిలబడలేదు, ఆగుతుంది లేదా దూకుతుంది. కంప్యూటరుకు ఆ తొందర లేదు. అయితే మామూలుగా కాపీ కొడితే అదీ మొదటి తప్పు దగ్గరే చేతులెత్తేస్తుంది. జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము ఇందుకోసమే పుట్టింది. అది ముందు తేలిగ్గా వచ్చేదంతా గబగబా తీసుకుంటుంది, మొండికేసిన చోట్లను పటంలో గుర్తు పెట్టుకుని దాటేస్తుంది. తరవాత ఆ మొండి చోట్ల దగ్గరికే తిరిగి వచ్చి, చిన్న చిన్న ముక్కలుగా, ఎన్నిసార్లంటే అన్నిసార్లు ప్రయత్నిస్తుంది. గొప్పతనం ఆ పటంలో ఉంది. ఈ రోజు ఆపేసి రేపు కొనసాగించవచ్చు. ఒక డ్రైవుతో రానివి మరో డ్రైవుతో ప్రయత్నించవచ్చు, రెండోది మిగిలిన ఖాళీలనే పూరిస్తుంది. డ్రైవుకు డ్రైవుకు లేజరు బలం, వంగిన డిస్కును పట్టుకునే ఒడుపు వేరు. ఒకటి ‘లేదు’ అన్న చోట మరొకటి చదివేయడం మామూలే. డ్రైవు వేగం తగ్గిస్తే కొన్ని డిస్కులు లొంగుతాయి. ఇదంతా చేశాక ఎన్ని సెక్టార్లు, అంటే చదవాల్సిన చిన్న ముక్కలు, మిగిలాయో పటం చెబుతుంది. అవి ఒక వరస చుట్లలో గుంపుగా ఉండి, ఆ చోటనే కంటికి గీత కనిపిస్తుంటే, అప్పుడు పాలిష్ చేయండి. ఇక పోయేది ఏమీ లేదు, మిగతాదంతా చేతికొచ్చింది. డిస్కు అంతటా చెల్లాచెదురుగా, ముఖ్యంగా బయటి అంచు వైపు పెరుగుతూ ఉంటే గీత మీద నెపం వేయకండి.

కాపీ తీయడం చట్ట విరుద్ధం కదా అన్నది గట్టి అభ్యంతరం, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. దుకాణం సినిమా డీవీడీలకు సీఎస్ఎస్ అనే తాళం ఉంటుంది. నార్వే కుర్రాడు యోన్ లెక్ యొహాన్సెన్ పేరుతో 1999లో దాన్ని విప్పే ప్రోగ్రాము బయటికొచ్చింది, అక్కడి కోర్టులు 2003లో అతన్ని నిర్దోషిగా తేల్చాయి. మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షను ఇలాంటి తాళం విప్పడాన్ని నేరమంటుంది, రెండేళ్ల దాకా జైలు కూడా చెప్పింది. అయితే హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో విప్పితేనే అని షరతు పెట్టింది. సొంత వాడకానికి న్యాయమైన ఉపయోగం 52వ సెక్షనులో ఉంది. ఈ రెంటినీ కలిపి చదివితే, కొనుక్కున్న డిస్కు చెడిపోతుంటే తన కోసం ఒక ప్రతి ఉంచుకున్నవాడు దొంగ కాడని నా అభిప్రాయం. దాన్ని పదిమందికి పంచితే కథ వేరు. చట్టంలో నిజంగా విచిత్రమైన మెలిక గ్రంథాలయాలది. ప్రజా గ్రంథాలయం భద్రత కోసం ఒక రచనను ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చు, కానీ దాని దగ్గర డిజిటల్ కాని ప్రతి ఉంటేనే. పుస్తకానికి దొరికే రక్షణ డీవీడీకి దొరకదు. అది పుట్టుకతోనే డిజిటల్ కాబట్టి. రెంటిలో ముందు పోయేది డీవీడీయే అన్న సంగతి ఆ వాక్యం రాసినవాళ్లకు తట్టినట్టు లేదు. పెళ్లి డిస్కుకు మాత్రం ఈ బెడద లేదు. దానికి తాళమూ ఉండదు, డబ్బిచ్చి తీయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులని 17వ సెక్షను చెబుతుంది. వెనకాల వినిపించే సినిమా పాటల హక్కు ఎవరిదని మాత్రం అడక్కండి.

అన్నీ యూట్యూబులో, ఓటీటీలో దొరుకుతున్న కాలంలో ఈ తాపత్రయం ఎందుకని ఇంకొందరు అడుగుతారు. సినిమాల మేరకు ఆ మాటలో నిజముంది. గీత పడిన సినిమా డిస్కు కోసం రెండు రాత్రులు కంప్యూటరు ముందు కూర్చోనక్కర్లేదు, ఆ సినిమా ఎక్కడా దొరకనిదైతే తప్ప. కానీ బీరువాల్లో ఉన్న ఊదా రంగు డిస్కుల్లో ఎక్కువ సినిమాలు కావు. పెళ్లిళ్లు, ఓణీల వేడుకలు, షష్టిపూర్తులు, ఊరి జాతరలో ఆడిన పౌరాణిక నాటకం, ఎక్కడో గుడి మండపంలో ఎవరో తీసిన హరికథ, ఇప్పుడు లేని తాత మాట. వీటిని ఏ ఓటీటీ కొనదు. ప్రపంచంలో ఉన్నవి ఏవో కొద్ది ప్రతులు. సినిమా డిస్కు పోతే ఖర్చు వంద రూపాయలు, ఇది పోతే ఎంతని చెప్పడానికి లేదు. అయినా దుకాణం సినిమాకు పాలిష్ యంత్రం, పెళ్లి డిస్కుకు టూత్‌పేస్టు. సరిగ్గా తలకిందులు.

హార్డ్‌డిస్కూ చెడిపోతుందిగా అంటే, చెడిపోతుంది. పెన్‌డ్రైవ్ ఇంకా త్వరగా. కానీ ఒకసారి ఫైలు అయ్యాక నకలు తీయడం నిమిషాల పని, నకలు నకలుకూ నాణ్యత తగ్గదు, రెండు చోట్ల ఉంచితే రెండూ ఒకే రోజు పోవడం అరుదు. డిస్కును అలా పెంచలేం. ఇంకా బాగున్న డిస్కుల విషయంలో డీవీడిజాస్టర్ అనే ప్రోగ్రాము ముందే దిద్దుబాటు అంకెలు లెక్కగట్టి వేరుగా దాచిపెడుతుంది, తరవాత డిస్కు కొంత పోయినా వాటితో పూరించుకోవచ్చు. ఆ పని డిస్కు మంచిగా ఉన్నప్పుడే చేయాలి. అంత ముందుచూపు ఉన్న ఇల్లు నేరుగా కాపీయే తీసుకుంటుంది, అది వేరే మాట. అసలు తొందర మరో వైపు నుంచి వస్తోంది. కొత్త ల్యాప్‌టాపుల్లో డ్రైవు పెట్టడం దాదాపు మానేశారు. నెట్‌ఫ్లిక్స్ 25 ఏళ్లు డిస్కులు పోస్టులో పంపి 2023లో ఆపేసింది. రాసుకునే బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ముగించింది. యూఎస్‌బీకి తగిలించే డ్రైవు ఇంకా దొరుకుతోంది కాబట్టి సరిపోయింది.

మన దగ్గర ఈ పనికి ఒక వీలుంది, దాన్ని ఎవరూ వాడుకుంటున్నట్టు కనబడదు. పెళ్లి డిస్కు ఒక్కటి ఎప్పుడూ రాయించరు. ఆడపెళ్లివారికి ఒకటి, మగపెళ్లివారికి ఒకటి, విదేశంలో ఉన్న మేనమామకు ఇంకొకటి. స్టూడియోవాళ్లు ఒకే ఫైలు నుంచి అన్నీ వరసగా రాసి ఉంటే ఆ డిస్కులన్నీ సెక్టారు సెక్టారుకూ ఒకటే. అవి వేర్వేరు బీరువాల్లో, వేర్వేరు ఎండల్లో, వేర్వేరు పిల్లల చేతుల్లో పాడై ఉంటాయి కాబట్టి, పాడైన చోట్లు కూడా వేరుగానే ఉంటాయి. మొదటి డిస్కు నుంచి వచ్చినంత తీసుకుని, అదే పటం చేత పట్టుకుని రెండో డిస్కు పెడితే డీడీరెస్క్యూ ఖాళీలను మాత్రమే వెతుక్కుంటుంది. మగపెళ్లివారి డిస్కులో చెదిరిపోయిన జీలకర్ర బెల్లం ఆడపెళ్లివారి డిస్కులో చెక్కుచెదరకుండా ఉండొచ్చు. ముందు ఫోన్ చేయాల్సింది వియ్యాలవారికి.